పుట్టు వెంట్రుకల ప్రారంభోత్సవం

మా ఊళ్ళో పనులన్నీ ఎందుకు ఆగిపోతున్నాయో తెలుసుకోవడానికి మా మున్సిపల్ కమిషనర్ గారు ఎక్కడో చల్లటి కొండమీద జరిగిన శిక్షణకి వెళ్ళొచ్చారు. అలాంటి చోటుకి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు శాలువాలు తెచ్చుకుంటారు. ఆయన పథకం తెచ్చారు.

పథకం పేరు 'సున్నిత ప్రారంభం'. ఆ వారంలోనే మైకు కట్టిన ఆటో వీధి వీధీ తిరిగింది.

"పౌరులకు విజ్ఞప్తి! పని చేయకపోవడం సోమరితనం కాదు, భయం! పని మొత్తాన్నీ ఒకేసారి చూసి భయపడకండి. అందులో అతి చిన్న మొదటి అడుగు మాత్రం వెయ్యండి. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఒక్క అడుగు వేసి, ఈరోజుకిది చాలు అనుకోండి!"

నేను పిల్లని చంకనేసుకుని గేటు దగ్గర నిలబడి విన్నాను. నిజం చెప్పొద్దూ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ ఏడాది మొత్తంమీద నన్ను తిట్టకుండా మంచి మాట చెప్పింది ఆ ఆటో ఒక్కటే.

నాకూ ఒక పని ఆగిపోయి ఉంది. మా అమ్మాయి లాస్యకి పుట్టు వెంట్రుకలు తీయించాలి. మామూలుగా అయితే మొదటి ఏట తీయిస్తారు. అప్పుడు కుదరకపోతే మూడో ఏట. రెండో ఏడూ నాలుగో ఏడూ మా వాళ్ళకి పనికిరావు. మొదటి ఏడు నా చేతుల్లోంచి ఎలా జారిపోయిందో తెలియదు. ఇప్పుడు మూడో ఏడు కూడా చివరికొచ్చేసింది. ఇది దాటితే అయిదో ఏడే. దేవుడైతే ఆగుతాడేమోగాని ఎండాకాలం ఆగలేదు. పిల్ల తలనిండా సెగ్గడ్డలు లేచాయి. డాక్టరు గారు చూసి, "జుట్టు తీయించేసి ఈ మందు రాయమ్మా. జుట్టుమీద రాస్తే జబ్బు జుట్టుకే తగ్గుతుంది" అన్నారు. రాత్రిళ్ళు పిల్ల నిద్దట్లో గోకేసుకుని ఏడుస్తూ లేచేది. దిండు గలీబుమీద ఎర్రటి మరకలు పడేవి.

మరెందుకు తీయించలేదంటే, కత్తి. లాస్య పుట్టిన కొత్తల్లో నూనె రాస్తుంటే దాని మాడు నా అరచేతి కింద టుక్కుటుక్కుమని కొట్టుకునేది. అది ఎప్పుడో పూడిపోయిందని డాక్టరు గారు నొక్కి మరీ చూపించారు. నాకు అర్థమైంది. నా అరచేతికి అర్థం కాలేదు. అందుకని సోమవారం పిల్ల తుమ్మిందన్నాను. మంగళవారం కత్తి పెట్టకూడదన్నాను. బుధవారం మా తమ్ముడికి సెలవు దొరకలేదన్నాను, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టకుండా ఎలా తీయిస్తాం? గురువారం వర్జ్యం, శుక్రవారం లక్ష్మీదేవి రోజు, ఆ పైన అమావాస్య. తెలుగు క్యాలెండరు వేసినవాడెవరోగాని నాలాంటిదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకునే వేసి ఉంటాడు.

మా అత్తగారు మహాలక్ష్మమ్మగారు ఊరుకునే మనిషి కాదు. "కానీవే అమ్మా కానీ! నీ కూతురు పెళ్ళిచూపుల్లో కూడా ఈ పుట్టు జుట్టుతోనే కూచుంటాది. జడ పొడుగని మెచ్చుకుంటార్లే" అనేవారు.

ఇలా ఉండగా సున్నిత ప్రారంభ అధికారి మా ఇంటికొచ్చారు. పేరు చామర్తి విద్యాధరం గారు. మెల్లగా తలుపు తట్టి, మెల్లగా చెప్పులు విప్పి, మెల్లగా కూర్చున్నారు. పథకం నిబంధనల్లో అలాగే ఉందట.

"అమ్మా, మీ గృహమందు చిరకాలముగా నిలిచిపోయినది ఏదైనా కలదా?" అని అడిగారు.

"ఇదిగో, ఈవిడే" అన్నారు అత్తయ్య నన్ను చూపించి.

"వ్యక్తులు కాదు తల్లీ, కార్యములు."

నేను చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ఒక్కసారి కూడా 'ఇన్నాళ్ళూ ఏం చేశావ్' అనలేదు. "క్షురకర్మను సమగ్రముగా ఊహించుట వలన భయము జనించును. ఊహించవద్దు. తొలి అడుగుగా కత్తిని దూరము నుండి దర్శింతము" అన్నారు.

అందరం నూకరాజు షాపుకి వెళ్ళాం. నూకరాజు మా వీధి చివర మంగలి. మా ఆయన తలా, మా మావయ్యగారి తలా అతని చేతిలోవే. గుమ్మంలో నిలబడి నేను కత్తిని చూశాను. విద్యాధరం గారు ఫోనుతో ఫోటో తీసి పైకి పంపించారు. "ఈరోజుకిది చాలు" అన్నారు.

"ఇంతేనాండీ?" అన్నాడు నూకరాజు, సబ్బు కలుపుతున్న బ్రష్ చేతిలో అలాగే పట్టుకుని. "సూడ్డానికేనా వచ్చింది? మా షాపు ఏమన్నా మ్యూజియవా?"

అతను నవ్వాడుగాని నాకు మాత్రం గుండెల మీంచి సగం బరువు దిగింది. ఇంటికొచ్చేటప్పటికి నాకే అనిపించింది, రేపు ఆ కత్తి చేత్తో పట్టుకుని చూస్తే బాగుండునని. ఎన్నాళ్ళుగానో రాని కోరిక అది. గబగబా వెనక్కి వెళ్ళి విద్యాధరం గారిని అడిగాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. "రెండవ అడుగా! తొందరపడరాదమ్మా. అది స్వీయ ఒత్తిడి. దానికి జరిమానా కలదు. మీరు రెండవ అడుగునకు సిద్ధమైతిరని సిద్ధతా ధ్రువీకరణ సంఘము తేల్చవలెను."

"సంఘం ఎప్పుడు కూర్చుంటుందండీ?"

"సంఘసభ్యులకు కుర్చీలు చూపించితిమి. వారికది తొలి అడుగు."

"మరి పని అయ్యేదెప్పుడండీ?"

"ఎన్ని పనులు ప్రారంభమైనవో పైవారు లెక్కించుచున్నారు. ముగింపులను లెక్కించుట వారింకా ప్రారంభించలేదు" అన్నారు, చాలా ఓపిగ్గా.

అదీ సంగతి. పైవాళ్ళకి కావలసింది ప్రారంభాలు. ప్రారంభాల్లో మా ఊరు జిల్లాలోకెల్లా ముందుంది. ముందుండక ఏం చేస్తుంది? మా వీధి కాలవ తవ్వడం మొదలెట్టి, పక్కవీధి కాలవకి వెళ్ళిపోయారు. అది మొదలెట్టి ఆ పక్కవీధికి. ఇప్పుడు ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ ఒక గొయ్యి, గోతిమీద ఒక చెక్క. టైలరు జాకెట్లన్నీ కత్తిరించి పెట్టుకున్నాడు, కుట్టమంటే "ఒత్తిడి చెయ్యకండమ్మా, మనసు బాగుండదు" అంటున్నాడు. హోటల్లో అట్టు ఒకవైపే కాల్చి ఇస్తున్నారు. రెండోవైపు తిరగేస్తే అది రెండో అడుగు కదా! కల్యాణమండపంలో ఒక పెళ్ళికి విద్యాధరం గారు ముఖ్య అతిథిగా వెళ్ళారు. పెళ్ళికొడుకు మొదటి ముడి వేయగానే చెయ్యెత్తి ఆపారు. ఫోటో దిగింది. పెళ్ళికూతురు మెళ్ళో ఒక్క ముడితో రెండు ఇళ్ళవాళ్ళూ నాలుగురోజులు కొట్టుకున్నారు, పిల్ల ఎవరింట్లో పడుకోవాలా అని. చివరికి ఆ పిల్లే విసిగిపోయి వాళ్ళ పెద్దమ్మగారింటికి వెళ్ళిపోయింది.

నా విషయంలో మాత్రం విద్యాధరం గారు దయ చూపించారు. కత్తిని చూడడం ఒక పని అని, జుట్టు తీయడం వేరే పని అని, దానికీ వేరే ప్రారంభం ఉండొచ్చని ఆయనే దారి వెతికారు. నాకు అంతకన్నా ఏం కావాలి? మా తమ్ముడు ఉదయ్‌భాస్కర్ రొయ్యల కంపెనీలో సెలవు పెట్టుకుని వచ్చాడు. పీటలు వేశాం. పసుపు, కుంకం, కొత్త గౌను, అన్నీ సిద్ధం. లాస్య మేనమామ ఒళ్ళో కూర్చుని చాక్లెట్ చప్పరిస్తోంది. ఆచారం ప్రకారం మేనమామ ముందు మూడు కత్తెరలు వేయాలి.

"మూడు వద్దు. ఒకటి చాలును" అన్నారు విద్యాధరం గారు.

ఉదయ్ ఒక కత్తెర వేశాడు. నూకరాజు పిల్ల తల తడిపి, నుదుటిమీద కత్తి ఆనించాడు. నేను వంటింట్లోకి పారిపోయి, తలుపు సందులోంచి చూస్తున్నాను. కత్తి సర్రున నుదుటి దగ్గర మొదలై, సరిగ్గా మాడు మీదుగా, నడినెత్తి దాటి వెనక్కి వెళ్ళింది. పిల్ల ఏడవలేదు సరికదా, చక్కిలిగింతలు పుట్టి కిలకిలా నవ్వింది. నేను ఊపిరి వదిలాను.

"ఆపుము!" అన్నారు విద్యాధరం గారు. ఫోటో తీశారు. "ఈరోజుకిది చాలు."

నూకరాజు కత్తి గాల్లో ఆగిపోయింది. "ఏటండీ ఇది! ఒక్క చార గీసి వదిలేత్తావా? పసిపిల్లండీ, పాపం తగుల్తాది. ఇంకో పది నిమిషాల్లో గుండు నున్నగా సేసి ఒళ్ళో పెడతాను."

"రెండవ అడుగు వేసితివో, నీ షాపు లైసెన్సు రద్దగును."

"అయ్యా, అడుగులు కాదండీ, ఎంట్రుకలు!"

ఎంత చెప్పినా లాభం లేకపోయింది. నూకరాజుకి ఇద్దరు ఆడపిల్లలు, ఒకే షాపు. కత్తి తుడుచుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రం బస్సుకి తమ్ముడూ వెళ్ళిపోయాడు.

ఆ ఫోటో పైవాళ్ళకి తెగ నచ్చేసిందట. నల్లటి జుట్టు మధ్యలో తెల్లగా, తిన్నగా దారి. 'ఆదర్శ ప్రారంభం' అని పేరు పెట్టి ఊరంతా పోస్టర్లు వేయించారు. రాజధాని నుంచి పరిశీలక బృందం వచ్చి పిల్లని కళ్ళారా చూస్తుందనీ, అంతవరకూ తల యథాతథంగా ఉంచాలనీ ఉత్తర్వు వచ్చింది. బృందం వస్తానన్న రోజు రాలేదు. ఇంకో రోజన్నారు. అదీ రాలేదు.

వీధిలో పిల్లలు లాస్యని 'బైపాస్' అని పిలవడం మొదలెట్టారు. అత్తయ్య గుమ్మంలో నిలబడి దారిన పోయేవాళ్ళందరికీ వినపడేలా, "ఊరికి బైపాస్ వెయ్యండ్రా నాయనా అంటే నా మనవరాలి నెత్తిమీద వేశారు! టోలుగేటు ఒక్కటీ తక్కువైంది!" అనేవారు.

నాకు నవ్వు రాలేదు. పొద్దున్నే స్నానం చేయించి పిల్ల తలకి మందు రాస్తూ ఒక సంగతి చూశాను. గొరిగినంత మేరా, ఆ దారి పొడుగునా, పుళ్ళు మానిపోయాయి. చర్మం నున్నగా, లేతగా ఉంది. దారికి అటూ ఇటూ జుట్టు కింద మాత్రం పుళ్ళు పాకి, చెవుల వెనక దాకా వెళ్ళాయి. మందు పనిచేస్తోంది. కత్తి పనిచేసింది. నా అరచెయ్యి దాని మాడుమీదే ఉంది, అక్కడ ఏమీ కొట్టుకోవడం లేదు. గట్టిగా, చల్లగా ఉంది.

ఇన్నాళ్ళూ ఆ పనికి అడ్డం నేను. ఇప్పుడు నేను లేచాను, నా చోట్లో మున్సిపాలిటీ వచ్చి కూర్చుంది. నన్ను లేపడానికి ఒక కమిషనరూ ఒక ఆటో సరిపోయాయి. వీళ్ళని ఎవరు లేపుతారు?

చివరికి బృందం వచ్చింది. మున్సిపల్ ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. వేదికమీద కమిషనర్ గారూ, రాజధాని నుంచి వచ్చిన పెద్దాయనా, పూలదండలూ. మధ్యలో కుర్చీలో నా ఒళ్ళో లాస్య. వెనక అత్తయ్య. పక్కన నూకరాజుని కూడా పెట్టెతో సహా నిలబెట్టారు, కత్తి పట్టుకుని ఫోటో దిగడానికి.

కమిషనర్ గారు మాట్లాడుతున్నారు. "ఈ చిన్నారి శిరస్సు మన పట్టణ ప్రగతికి అద్దం! చూడండి, ఎక్కడా ముగింపు కనపడదు!"

చప్పట్లు. ఎండ. షామియానా కింద ఉక్కబోత. లాస్య రెండు చేతులతో తల గోక్కుంటోంది. చేతులు పట్టుకుంటే విదిలించుకుంటోంది. "అమ్మా, మంత... అమ్మా, మంత" అని ఏడుస్తోంది. దాని గోళ్ళలోకి రక్తం వచ్చింది. కొత్త గౌనుమీద చుక్క పడింది.

"అయ్యా, పిల్లకి తల మండిపోతోందండీ. మిగతాది తీయించేస్తానండీ" అన్నాను విద్యాధరం గారితో.

"ఇప్పుడా! ఇది రెండవ అడుగు తల్లీ. పైవారి సమక్షమున!"

ఇంత మంది ముందు నేనెప్పుడూ నోరెత్తలేదు. కాని పిల్ల నా చెయ్యి కొరికేసింది, అంత బాధలో ఉంది. నోట్లోంచి మాట అదే వచ్చేసింది.

"రెండో అడుగు కాదండీ. ఆ దారి పని మొదలెట్టేశాం కదా, దాన్ని ముట్టుకోను. ఇది వేరే పని. కుడిచెవి పక్కది. ఇంకా మొదలే పెట్టలేదు."

విద్యాధరం గారు ఫోనులో నిబంధనలు వెతికారు. ఇవాళ ఇది ప్రారంభం కాదని ఏ నిబంధనలో ఉంది? పైగా ప్రారంభానికి అడ్డుపడ్డవాళ్ళకి శిక్ష అని ఆటోలో రోజూ ఆయనే చెప్పిస్తున్నారు. రాజధాని పెద్దాయన ముందుకి వంగి, "ఏమిటి, ఇక్కడికిక్కడే కొత్త ప్రారంభమా? మా ఎదుటే?" అన్నారు సంతోషంగా.

"ఆయ్! సిత్తం!" అన్నాడు నూకరాజు. అతనికి అందరికన్నా ముందు అర్థమైపోయింది. అప్పటికే సీసాలో నీళ్ళు చేతిలో పోసుకుంటున్నాడు.

"మేనమామ ఒళ్ళో కదే కూచోబెట్టాలి?" అని అత్తయ్య నా చెవిలో గొణిగారు.

"మేనమామ మొదలెట్టేశాడు కదండీ అత్తయ్యా. ఇక నేను చూసుకుంటాను" అన్నాను. పిల్ల గడ్డం పట్టుకుని తల కదలకుండా ఆపాను. కళ్ళు మూసుకోలేదు.

కుడిచెవి పక్క ఒక చార. చప్పట్లు, ఫోటో. "ఎడమచెవి పక్కది, ఇది ఇంకో పనండీ." చప్పట్లు, ఫోటో. "ఇది నుదుటిమీదది." "ఇది మెడమీదది." కమిషనర్ గారి ఫోనులో ప్రారంభాలు టింగుటింగుమని ఎక్కుతున్నాయి. ఆయన మొహం వెలిగిపోతోంది. "ఒకే తలలో ఇన్నా!" అన్నారు పెద్దాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ. కాసేపటికి జనానికి చేతులు నొప్పెట్టి సగం మంది చప్పట్లు మానేశారు. అత్తయ్య మాత్రం ఒక్కటీ వదలకుండా కొట్టారు. నూకరాజు ప్రతిసారీ కత్తి ఆనించే ముందు, "మొదలెడతన్నానండోయ్!" అని కేకేసేవాడు. లాస్య ఏడుపు మాని ఆ కేక కోసం ఎదురుచూడ్డం మొదలెట్టింది.

చివరికి ఎడమచెవి వెనక ఒక్క పాయ మిగిలింది. అప్పుడు విద్యాధరం గారు గబగబా వచ్చి, గొంతు తగ్గించి, ఆ గ్రాంథికం కూడా మర్చిపోయి మాట్లాడారు.

"అమ్మా, నా మాట విను. ఆ ఒక్క పాయా వదిలెయ్యి. అదుంటే పని నడుస్తున్నట్టు. అది పోతే ఇంకేం లేదు, అయిపోయినట్టే. ఇవన్నీ ఒకే గుండు కింద కలిసిపోతాయి. నా ఉద్యోగం సంగతి కూడా చూడు. ఒక్క పాయే కదా, ఏం పోయింది?"

నూకరాజు కత్తి పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. ఆ పాయ కింద అన్నిటికన్నా పెద్ద గడ్డ ఉంది. అక్కడ పిల్ల చెవి పల్చగా, తమలపాకులా ఉంది. కత్తి జారితే చెవే. నన్ను నేను ఎరుగుదును. ఇలాంటి ఒక్క పాయ దగ్గరే నేను ఏళ్ళకేళ్ళు ఆగిపోగలను. ఎంత తేలిగ్గా ఉంటుందో, ఆగిపోవడం! ఆయన ఎంత మెల్లగా చెప్పారో!

నేను పిల్ల చెవిని రెండు వేళ్ళతో ముందుకి మడిచి పట్టుకున్నాను. "తీసెయ్ నూకరాజూ" అన్నాను.

తీసేశాడు.

పని పూర్తయితే చప్పట్లు కొట్టాలో వద్దో నిబంధనల్లో లేదు. పెద్దాయన కమిషనర్ గారివైపు, కమిషనర్ గారు విద్యాధరం గారివైపు చూశారు. ఆయన నేల చూశారు. అప్పుడు అత్తయ్య గొంతు ఒక్కటే వినపడింది.

"అయిపోయిందమ్మా, నా తల్లే, అయిపోయింది. ఇంటికెళ్ళి పడుకుందాం పద."

మా మున్సిపాలిటీ ఆవరణలో ఆ మాట విని చాలాకాలమైందనుకుంటాను. వెనక వరసలో ఎవరో ముసలాయన గట్టిగా తుమ్మి, లేచి, తన గుమ్మం ముందు గొయ్యి తనే పూడ్చుకుంటానని పార కోసం వెళ్ళిపోయాడు. ఆయన వెనకే ఇంకొందరు లేచారు.

ఇంటికొచ్చాక తలంతా తుడిచి మందు రాశాను. ఎక్కడా జుట్టు అడ్డం రాలేదు. లాస్య రెండు చేతులతో గుండు తడుముకుని, అద్దంలో చూసుకుని, "తాతయ్య!" అంది. మా మావయ్యగారు పేపరు చాటున నవ్వుకున్నారు. అది చాపమీద వాలి అలాగే నిద్రపోయింది. ఒక్కసారి కూడా చెయ్యి తలమీదికి వెళ్ళలేదు. నేనప్పుడు గోడకి చేరగిలబడి కూర్చున్నాను. అత్తయ్య టీ తెచ్చి చేతికిచ్చారు. తిడతారనుకున్నాను. "పంచదార ఎక్కువేశాను, తాగు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే విద్యాధరం గారు మెల్లగా తలుపు తట్టారు. మొహం వాడిపోయి ఉంది. పిల్ల గుండువైపు చూడకుండా, "మీ గృహమునందు నిలిచిపోయిన కార్యములేవియు లేవని వ్రాసుకొననా? వ్రాసుకొన్నచో మిమ్ము పథకము నుండి తొలగింతుము" అన్నారు.

"లేకేమండీ," అన్నాను, నోరు జారి. "పిల్లకి ఇంకా చెవులు కుట్టించలేదు."

ఆయన కళ్ళు ఒక్కసారిగా వెలిగాయి. చెయ్యి జేబులో ఫోను కోసం వెళ్ళింది. "రెండు చెవులా? అనగా రెండు ప్రారంభములు! ముందుగా సూదిని దూరము నుండి..."

నేను ఆయనకి మర్యాదగా దణ్ణం పెట్టి తలుపు వేసేశాను. గడియ కూడా పెట్టాను.

"అత్తయ్యా, కంసాలి కొట్టు ఎన్నింటికి తీస్తాడండీ?"

"తీసే ఉంటాడు. ఏం, ఇవాళే?" అన్నారు ఆవిడ, ఆశ్చర్యంగా నన్ను చూస్తూ.

"ఇప్పుడేనండీ. మీరు పిల్లని ఎత్తుకోండి. పెరటి గుమ్మంలోంచి వెళ్ళిపోదాం. ఈయన వీధి మలుపు తిరిగేలోపు రెండు చెవులూ అయిపోవాలి."